పాతిక లక్షల బీమా, పదిహేను రోజుల బిల్లు

గౌరవనీయులైన సంపాదకులకు,

స్థానిక సంస్థల ఎన్నికల మాట వినిపించడం మొదలైన నాటి నుంచి కోనసీమలో ఏ సభ జరిగినా ఆరోగ్య బీమా ప్రస్తావన రాకుండా ఉండడం లేదు. కుటుంబానికి 25 లక్షల రూపాయల వైద్యం తామే ఇచ్చామని, తరువాత వచ్చినవారు దాన్ని నీరుగార్చారని ఒక పక్షం అంటోంది. ముందున్నవారు బకాయిలు మాత్రమే మిగిల్చి పోయారని, పేద ధనిక తేడా లేకుండా రాష్ట్రంలోని కుటుంబాలన్నిటికీ బీమా వర్తింపజేసేది తామేనని మరొక పక్షం అంటోంది. రెండు వాదనల్లోనూ కొంత నిజం ఉంది. కానీ ఆసుపత్రి పంపిన బిల్లును ఎన్ని రోజుల్లో కడతారన్న ప్రశ్నను ఈ రెండు పక్షాలూ ఎత్తడం లేదు, సభకు వచ్చిన మనమూ అడగడం లేదు. రోగిని ఆసుపత్రి చేర్చుకుంటుందా, తిప్పి పంపుతుందా అన్నది కార్డు మీద రాసిన పరిమితిని బట్టి కాక ఆ ప్రశ్నకు వచ్చే జవాబును బట్టే తేలుతోంది కాబట్టి మీ పత్రిక ద్వారా ఈ నాలుగు మాటలు చెప్పదలచుకున్నాను.

నేను రాజోలు ప్రాంతంలో చాలాకాలంగా మందుల దుకాణం నడుపుతున్నాను. ఏ పార్టీలోనూ సభ్యత్వం లేదు. దుకాణానికి వచ్చేవాళ్లలో కొబ్బరికాయలు కోసే దింపు కార్మికులు, కౌలు రైతులు, రొయ్యల చెరువుల మీద కాపలా ఉండేవాళ్లు, పీచు మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్లు ఎక్కువ. వాళ్లు మందుల చీటీతో పాటు తెచ్చే ప్రశ్నలు వింటూ ఉండడం వల్ల ఈ పథకం కాగితం మీద ఎలా ఉందో, ఊళ్లోకి వచ్చేసరికి ఎలా మారుతోందో కొంత దగ్గర నుంచి చూసే అవకాశం నాకు కలిగింది.

ముందుగా ఒక విషయం ఒప్పుకొని తీరాలి. 2007కు ముందు ఈ ప్రాంతంలో కూలివాడి పిల్లకు గుండెలో రంధ్రం ఉందని తేలితే, ఆ తండ్రి శాసనసభ్యుడి ఉత్తరం పట్టుకొని హైదరాబాదు వెళ్లి ముఖ్యమంత్రి సహాయనిధి కోసం పడిగాపులు పడవలసి వచ్చేది. సహాయం అందడం, అందకపోవడం పలుకుబడిని బట్టి ఉండేది. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు ఆ పలుకుబడి అవసరం పోయింది. రేషన్ కార్డే సిఫారసు ఉత్తరం అయింది. అదే ఏడాది డిసెంబరులో ఉభయ గోదావరి జిల్లాలకూ, 2008 జులై నాటికి రాష్ట్రమంతటికీ పథకం విస్తరించింది. 2009 వేసవిలో ఎన్నికలు జరిగాయి. ఆ క్రమం యాదృచ్ఛికమని నేను అనుకోను. ఓట్ల కోసం చేసిన పని కాబట్టి అది మంచి పని కాదనే వాదన మాత్రం నాకు నచ్చదు. ఓటు భయం లేకపోతే పేదవాడి గుండె ఆపరేషన్ ఏ ప్రభుత్వానికీ గుర్తుకు వచ్చి ఉండేది కాదేమో.

చిక్కు వచ్చింది ఆ తరువాత. ఓట్లు తెచ్చిన పథకాన్ని ఎవరూ రద్దు చేయలేరు, అలాగని పాతవారి పేరుతో నడపనూ లేరు. అందువల్ల అదే పథకం ఒకసారి ఎన్టీఆర్ వైద్య సేవ అయింది, ఇంకొకసారి వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అయింది, మళ్లీ ఎన్టీఆర్ వైద్య సేవ అయింది. మా దుకాణానికి వచ్చేవాళ్లకు ఈ పేర్లతో పని లేదు. ఏ ప్రభుత్వం ఉన్నా వాళ్లు అడిగేది “ఇది ఆరోగ్యశ్రీలో ఉందా అండీ” అనే. పేరు మార్చినంత మాత్రాన కొత్తదనం రాదు కనుక ప్రతి ప్రభుత్వమూ అంకె పెంచుతూ వచ్చింది. మొదట్లో కుటుంబానికి లక్షన్నర, అవసరమైతే మరో యాభై వేలు ఉండేది. రాష్ట్రం విడిపోయిన తరువాత రెండున్నర లక్షలు అయింది. 2023 డిసెంబరు 18న, అంటే పోలింగుకు అయిదు నెలల ముందు, పరిమితి 25 లక్షలకు చేరింది. 2024 మే 13న ఓట్లు వేసిన మనకు రెండు వైపుల నుంచీ వినిపించిన అంకె అదే, ఎందుకంటే కూటమి మేనిఫెస్టో కూడా 25 లక్షల ఆరోగ్య బీమానే వాగ్దానం చేసింది.

పరిమితితో పాటు జబ్బుల జాబితా కూడా పెరిగింది. దాని పుణ్యమా అని మన జిల్లాలకు ఒక వింత అనుభవం దక్కింది. 2020 జనవరి 3న ఏలూరులో 2,059 చికిత్సలతో కొత్త పథకాన్ని ప్రయోగాత్మకంగా పశ్చిమ గోదావరి జిల్లాకు మాత్రమే ప్రారంభించారు. అప్పటి తూర్పు గోదావరికి అది నవంబరు దాకా రాలేదు. నరసాపురం రేవులో పంటు ఎక్కి వసిష్ఠ దాటితే సఖినేటిపల్లి. ఒకే జబ్బుకు ఇవతలి ఒడ్డున ఉన్నవాడికి ఉచిత వైద్యం, అవతలి ఒడ్డున ఉన్నవాడికి అప్పు అన్నట్టుగా నెలల తరబడి నడిచింది. ప్రయోగం ఎక్కడో ఒక చోట మొదలు కావలసిందే, దాన్ని తప్పు పట్టడం లేదు. అయితే సఖినేటిపల్లి నుంచి వచ్చిన మనిషికి ఆ సంగతి వివరించి చెప్పిన ప్రజాప్రతినిధి ఒక్కరూ నాకు కనబడలేదు. అది ఆసుపత్రిలో పథకం సహాయ బల్ల దగ్గర కూర్చున్న ఆరోగ్యమిత్ర నెత్తిన పడింది.

ఈ అంకెల పోటీ మన రాష్ట్రానికే పరిమితమైనది కాదు. కేంద్రం 2018 ఫిబ్రవరి బడ్జెట్‌లో ప్రకటించి సెప్టెంబరు 23న ప్రారంభించిన ఆయుష్మాన్ భారత్ కుటుంబానికి ఏడాదికి 5 లక్షల హామీ ఇచ్చింది. ఆ తరువాతి వేసవిలో లోక్‌సభ ఎన్నికలు వచ్చాయి. తెలంగాణలో 2023 డిసెంబరులో అధికారంలోకి వచ్చిన కాంగ్రెస్ ప్రభుత్వం ప్రమాణ స్వీకారం చేసిన రెండు రోజులకే పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచింది. రాజస్థాన్‌లో ‘చిరంజీవి’ పేరుతో నడిచిన బీమా పథకం పరిమితి 2023 ఎన్నికల ఏడాదిలో 25 లక్షలకు వెళ్లింది, మళ్లీ గెలిపిస్తే 50 లక్షలు చేస్తామని అక్కడి పాలక పక్షం మేనిఫెస్టోలో పెట్టింది, అయినా ఓడిపోయింది. వచ్చిన ప్రభుత్వం ముందు చేసిన పని పేరు మార్చడం. ఆ పేరు గల కథానాయకుడు పుట్టిన మొగల్తూరు మాకు ఎంతో దూరం కాదు కాబట్టి ఈ సంగతి ఇక్కడ కొందరికి సరదాగా తోచవచ్చు. నాకు మాత్రం 25 పని చేయకపోతే 50 చెప్పడం తప్ప ఇంకో ఆలోచన రాకపోవడమే విచారకరంగా తోచింది.

పరిమితి పెంచడం ఎందుకంత సులభమో తెలుసుకోవడానికి కేంద్ర పథకం లెక్కలే చాలు. 2023 ఆఖరు నాటికి ఆయుష్మాన్ భారత్ కింద 6 కోట్లకు పైగా ఆసుపత్రి చేరికలు జరిగాయి, వాటి విలువ సుమారు 78 వేల కోట్ల రూపాయలు. భాగించి చూస్తే ఒక్కో చేరికకు సగటున 13 వేల రూపాయలకు మించలేదు. 5 లక్షల కార్డు మీద జరిగిన సగటు వైద్యం అది. అవయవ మార్పిడి, కొన్ని రకాల కాన్సర్, తీవ్రమైన కాలిన గాయాలు వంటి వాటికి లక్షలు కావాలి, అలాంటి కుటుంబానికి 25 లక్షల పరిమితి ప్రాణాధారమే, కాదనను. కానీ అలాంటి కుటుంబాలు కొద్ది. అందుచేత పరిమితిని అయిదింతలు చేసినా ఖజానా మీద పడే భారం అయిదింతలు కాదు; సభలో వచ్చే చప్పట్లు మాత్రం అయిదింతలకు తగ్గవు. బిల్లులు పదిహేను రోజుల్లో చెల్లించడానికైతే ప్రతి నెలా నిజమైన డబ్బు కావాలి. ఆ పనికి చప్పట్లు కొట్టేవారూ ఉండరు.

ఇక బకాయిల సంగతి. 2024 మే నెలలో పోలింగు అయిపోయింది, ఓట్ల లెక్కింపుకు ఇంకా రోజులు ఉన్నాయి. పాత ప్రభుత్వం నిర్ణయాలు తీసుకోలేదు, కొత్త ప్రభుత్వం ఇంకా పుట్టలేదు. సరిగ్గా ఆ సమయంలో, బకాయిలు వెయ్యి కోట్లు దాటిపోయాయని, మే 22 నుంచి ఆరోగ్యశ్రీ సేవలు ఆపేస్తామని రాష్ట్రంలోని ప్రైవేటు స్పెషాలిటీ ఆసుపత్రుల సంఘం ప్రకటించింది. ప్రభుత్వం మారింది. పాత బకాయిలు కొత్త ప్రభుత్వం మీద పడ్డాయి, కొత్తవి వాటికి తోడయ్యాయి. 2025 అక్టోబరులో అదే సంఘం మళ్లీ సేవలు నిలిపివేసేనాటికి బకాయి 2,000 కోట్లు దాటిందని చెప్పింది. రెండు సందర్భాల్లోనూ ఒకరు మరొకరిని నిందించారు. ఏ తేదీ నాటికి ఎంత బకాయి ఉంది, అందులో ఎన్ని నెలల పాతది ఎంత అన్న లెక్కను జిల్లాల వారీగా అందరికీ కనబడేలా పెట్టాలన్న ఆలోచన మాత్రం ఎవరికీ వచ్చినట్టు లేదు.

సమ్మె ప్రకటించిన రోజుల్లో పత్రికలు రాస్తాయి, మంత్రులు మాట్లాడతారు, ఏదో కొంత డబ్బు విడుదల అవుతుంది. అంతకంటే ఎక్కువ నష్టం సమ్మె లేని రోజుల్లో, ఎవరి కంటా పడకుండా జరుగుతుంది. డబ్బు రాని ఆసుపత్రి ‘ఈ పథకం కింద చేర్చుకోం’ అని బోర్డు పెట్టదు. బెడ్లు ఖాళీ లేవంటుంది. ఆ డాక్టరు గారు వారం తరువాత వస్తారంటుంది. అనుమతి వచ్చేదాకా పరీక్షలకు మీరే కట్టుకోండి, తరువాత చూద్దామంటుంది. చిన్న ఆసుపత్రుల యజమానులను ఇందుకు పూర్తిగా తప్పు పట్టలేను. నర్సులకు జీతం ఒకటో తారీఖున ఇవ్వాలి, మందుల పంపిణీదారుకు నెలలోపు కట్టాలి. ఆక్సిజన్ అప్పు మీద రాదు. మందుల వ్యాపారంలో ఉన్నవాడిగా ఆ ఒత్తిడి నాకు తెలుసు. పెద్ద పట్టణాల్లోని కార్పొరేట్ ఆసుపత్రులు నగదు రోగులతో నెట్టుకురాగలవు. అమలాపురం, పాలకొల్లు, తణుకు వంటి చోట్ల ముప్పై, నలభై పడకలతో నడిచేవి నెట్టుకురాలేవు.

మా పక్క ఊరి దింపు కార్మికుడు ఒకరు రెండేళ్ల కిందట కొబ్బరి చెట్టు మీద నుంచి పడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నారు. ఆయన దగ్గర కార్డు ఉంది, ఆ చికిత్స జాబితాలో ఉంది, వెళ్లిన ఆసుపత్రి కూడా పథకంతో ఒప్పందం ఉన్న నెట్‌వర్క్‌లోనిదే. అయినా పథకం కింద పడక లేదన్నారు. డబ్బు కట్టిన మరుసటి రోజు పడక దొరికింది. ఆ డబ్బు నూటికి మూడు రూపాయల వడ్డీ మీద ప్రామిసరీ నోటు రాసి తెచ్చినది. ఎముక అతికింది, కానీ చెట్టు ఎక్కే పని మళ్లీ చేయలేకపోతున్నారు. వడ్డీ భార్య డ్వాక్రా అప్పులో నుంచి కడుతున్నారు. ప్రభుత్వ లెక్కల్లో ఈ కుటుంబానికి 25 లక్షల బీమా ఉంది, బీమా లేనివారి జాబితాలో వీరు ఎన్నడూ కనబడరు.

అసలు బీమా లేనివారు ఎవరన్న ప్రశ్నకు మన జిల్లాల్లో జవాబు అంత తేలిక కాదు. ఏటా 5 లక్షల లోపు ఆదాయం, 12 ఎకరాల మాగాణి లేదా 35 ఎకరాల మెట్ట లోపు భూమి అన్న నిబంధనలతో గత ప్రభుత్వం పథకం పరిధిని చాలా విశాలం చేసింది, అందుకు దాన్ని అభినందించాలి. అయినా మిగిలిపోయినవాళ్లున్నారు. చెరువు లీజుకు తీసుకున్న రైతు బ్యాంకు అప్పు కోసం ఆదాయపు పన్ను రిటర్ను వేస్తాడు. కాగితం మీద ఆయనకు లక్షల ఆదాయం కనబడుతుంది, రొయ్యలకు సోకే తెల్లమచ్చ వైరస్ ఒక్క పంటను తుడిచిపెడితే మేత డీలరుకు కట్టవలసిన బాకీ కనబడదు. కువైట్‌లో ఇంటిపని చేసే తల్లి ఈ-కేవైసీకి రాలేకపోవడం వల్ల రేషన్ కార్డులో పేరు ఆగిపోయిన కుటుంబాలు కోనసీమలో ఉన్నాయి. పెళ్లయి అత్తవారింటికి వచ్చిన అమ్మాయి పేరు పుట్టింటి కార్డులో నుంచి తీయించి ఇక్కడ చేర్పించే లోపు కాన్పు కూడా అయిపోతుంది. ఒడిశా నుంచి వచ్చి చెరువుల మీద పనిచేసే కూలీల సొంత రాష్ట్రం 2025 జనవరి దాకా కేంద్ర పథకంలో చేరనే లేదు. ఇక్కడ వాళ్లకు ఓటు లేదు కాబట్టి వాళ్ల గురించి ఏ సభలోనూ వినబడదు.

రొయ్యల శుద్ధి కర్మాగారాల్లో నెల జీతం 21 వేలకు మించని కార్మికులకు చట్టప్రకారం ఈఎస్ఐ వర్తించాలి. కాంట్రాక్టరు రికార్డుల్లో సగం మంది ఉండరు. ఇది వేరే లేఖకు సరిపడే విషయం కనుక ఇక్కడ వదిలేస్తున్నాను.

ఈ మిగిలినవారి కోసం మన రాష్ట్రం ఒకసారి వేరే దారి తొక్కింది. 2017 జనవరి 1 నుంచి ఆరోగ్య రక్ష పేరుతో, తెల్ల కార్డు లేనివారు మనిషికి ఏడాదికి 1,200 రూపాయలు కట్టి 2 లక్షల రూపాయల రక్షణ పొందే పథకం వచ్చింది. ఆలోచన సబబైనది. నాకు గుర్తున్నంత వరకు 2019 ప్రచారంలో దాన్ని ఎవరూ గొప్పగా చెప్పుకోలేదు, ఎవరూ తిట్టనూ లేదు. ప్రజలను డబ్బు అడిగే పథకం వేదిక మీద ఎవరికి కావాలి? దేశం మొత్తం మీద ఇలా మధ్యలో మిగిలిపోయినవారు 40 కోట్ల మంది ఉంటారని, జనాభాలో అది దాదాపు 30 శాతమని నీతి ఆయోగ్ 2021లో ఒక నివేదికలో తెలిపింది. వ్యక్తిగత ఆరోగ్య బీమా పాలసీల మీద ఉన్న 18 శాతం జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి తీసివేయడం వీరికి కొంత ఊరట. అయినా అరవై దాటిన దంపతులకు ప్రీమియం ఇప్పటికీ ఒక ఎకరం కౌలును గుర్తుచేసేదే. డెబ్బై ఏళ్లు నిండినవారందరికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా కేంద్రం 2024 అక్టోబరు 29న 5 లక్షల కార్డు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ ఏప్రిల్‌లో బీజేపీ మేనిఫెస్టోలో చెప్పిన మాటను అక్టోబరులో అమలు చేయడం మెచ్చుకోదగినదే. తరువాతి నెలలోనే మహారాష్ట్ర, ఝార్ఖండ్ ఎన్నికలు ఉన్నాయన్న సంగతి కూడా జ్ఞాపకం పెట్టుకోవచ్చు.

నా దుకాణంలో రోజూ కనబడే సంగతి మాత్రం ఈ కార్డులు వేటిలోనూ లేదు. ఆయుష్మాన్ భారత్ ఆసుపత్రిలో చేరిన రోగులకే గాని బయటి రోగుల విభాగంలో చూపించుకునేవారికి వర్తించదు. మన రాష్ట్ర పథకం కూడా ప్రధానంగా చేరికల చుట్టూ, ఆపరేషన్ల చుట్టూ అల్లుకున్నదే. మా దగ్గరికి వచ్చేవారి జబ్బులు చక్కెర, రక్తపోటు, కీళ్ల నొప్పులు, ఆయాసం. మాత్రల పట్టీ మొత్తం కొనలేక నాలుగు మాత్రలు కత్తిరించి ఇమ్మంటారు. చేతిలో డబ్బున్న వారం వేసుకుంటారు, వ్యవసాయ పనులు లేని వారం మానేస్తారు. అలా మానేసిన చక్కెర జబ్బు కొన్నేళ్లకు మూత్రపిండాల మీదికి వస్తుంది, అప్పుడు డయాలసిస్ పథకం కింద ఉచితం. నెలకు కొన్ని వందల రూపాయల మాత్రలకు దిక్కు లేని మనిషికి, వారానికి రెండు మూడు సార్లు యంత్రం మీద పడుకునే దశకు చేరాక ప్రభుత్వం లక్షలు ఖర్చు పెట్టడానికి సిద్ధంగా ఉంటుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఈ మాత్రలు ఉచితమే, 104 వాహనం ఊరికి వచ్చిన రోజున కూడా ఇస్తారు. కానీ సరఫరా తెగకుండా ఉన్న నెలలు, తెగిన నెలలు రెండూ ఉన్నాయి. తెగిన నెలల్లోనే నా దుకాణంలో రద్దీ పెరుగుతుంది. నా వ్యాపారానికి అది లాభమే అయినా చెప్పక తప్పదు. దేశంలో వైద్య ఖర్చులో జనం జేబులో నుంచి పెట్టేది 2013-14లో 64 శాతం ఉండగా 2021-22 నాటికి 39 శాతానికి తగ్గిందని జాతీయ ఆరోగ్య లెక్కలు చెబుతున్నాయి. మిగిలిన ఆ 39లో మాత్రలకు, పరీక్షలకు అయ్యేది ఏ బీమా పరిమితి పెంచినా తగ్గేది కాదు.

ఇప్పుడు రాబోతున్న మార్పు గురించి. 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం ఆమోదించిన సార్వత్రిక ఆరోగ్య విధానం ప్రకారం 1.63 కోట్ల కుటుంబాలకు బీమా వర్తిస్తుంది. ఏడాదికి రెండున్నర లక్షల వరకు అయ్యే వైద్యం బిల్లు బీమా కంపెనీ, ఆ పైన 25 లక్షల వరకు పథకాన్ని నడిపే ప్రభుత్వ సంస్థ అయిన ఎన్టీఆర్ వైద్య సేవ ట్రస్టు భరిస్తాయి. చికిత్సకు అనుమతి 6 గంటల్లో ఇవ్వాలన్నారు. అందరికీ వర్తింపజేయడం అన్న సూత్రం సరైనది, కార్డు తగాదాలు చాలావరకు దానితో తీరతాయి. కానీ సగటు చికిత్స వేలల్లోనే ఉంటుందని పైన చెప్పిన లెక్కను ఇక్కడ అన్వయించి చూడండి. దాదాపు బిల్లులన్నీ రెండున్నర లక్షల లోపే ఉంటాయి, అంటే దాదాపు పథకమంతా కంపెనీ చేతిలోకి వెళుతుంది. 25 లక్షల మాట ప్రభుత్వానిది, నూటికి తొంభైకి పైగా రోగుల వ్యవహారం కంపెనీది అవుతుంది.

ఇది పూర్తిగా కొత్త ఏర్పాటు కూడా కాదు. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైంది ఒక ప్రైవేటు బీమా కంపెనీ ద్వారానే, తరువాత క్రమంగా ట్రస్టు నేరుగా చెల్లించే పద్ధతికి మారింది. రెండు పద్ధతుల జబ్బులూ మనకు తెలుసు. ట్రస్టు చెల్లించేటప్పుడు బిల్లు అంగీకరిస్తారు, డబ్బు ఆలస్యం చేస్తారు. కంపెనీ చెల్లించేటప్పుడు డబ్బు త్వరగా రావచ్చు. కానీ క్లెయిమ్ తిరస్కరిస్తే మిగిలేది కంపెనీకే కాబట్టి కాగితాల్లో వంక వెతికే అలవాటు బలపడుతుంది. పైగా ప్రభుత్వం కంపెనీకి ప్రీమియం సకాలంలో కట్టకపోతే కంపెనీ ఆసుపత్రికి కట్టదు, ఆసుపత్రి రోగిని చేర్చుకోదు. అప్పుడు బకాయి ట్రస్టు పుస్తకంలో కాక కంపెనీ పుస్తకంలో ఉంటుంది, బెడ్లు ఖాళీ లేవన్న మాట మాత్రం అదే. అందువల్ల కంపెనీ మంచిదా, ట్రస్టు మంచిదా అని రెండు పక్షాలూ చేసుకునే వాదం కంటే తిరస్కరించిన క్లెయిమ్‌లు ఎన్ని, ఏ కారణంతో తిరస్కరించారు, రోగి ఎవరికి మొరపెట్టుకోవాలి, ఎన్ని రోజుల్లో తేలుస్తారు అన్నవే ముఖ్యం. ఆయుష్మాన్ భారత్ నిబంధనల్లో సొంత రాష్ట్రంలోని ఆసుపత్రి క్లెయిమ్‌కు 15 రోజుల గడువు ఉంది. కనుక కొత్తగా ఏదీ కనిపెట్టనక్కరలేదు, ఉన్న గడువును పాటిస్తామని చెబితే చాలు. దాటిన ప్రతి రోజుకూ వడ్డీ కడతామని రాసి ఇస్తే ఇంకా మంచిది. ఆలస్యానికి ధర ఉంటేనే ఆర్థిక శాఖ దాన్ని లెక్కలోకి తీసుకుంటుంది.

పాలకొల్లు, అమలాపురం ప్రభుత్వ వైద్య కళాశాలల మీద నడుస్తున్న రాజకీయ వివాదంలోకి వెళ్లడం నా ఉద్దేశం కాదు. ప్రైవేటు భాగస్వామ్యంతో కట్టినా, ప్రభుత్వమే కట్టినా, మెదడులో రక్తం గడ్డకట్టిన మనిషిని అంతర్వేది నుంచి కాకినాడ జనరల్ ఆసుపత్రి దాకా తీసుకువెళ్లవలసిన అవసరం ఎప్పటికి తప్పుతుందో ఇరుపక్షాలవారూ తేదీ చెప్పాలి. దగ్గరలో పడక లేని బీమా ఎంత పెద్దదైనా 108 వాహనంలోనే ఖర్చయిపోతుంది.

పాత ఉభయ గోదావరి జిల్లాల్లో 34 శాసనసభ స్థానాలున్నాయి. ఇక్కడ గెలిచినవారే రాష్ట్రాన్ని ఏలుతారని ఒక నానుడి ప్రచారంలో ఉంది, ఇటీవలి ఎన్నికలు దాన్ని నిజం చేస్తూనే వచ్చాయి. 2019లో ఎక్కువ భాగం ఒక పక్షానికి ఇచ్చాం, 2024లో 34కు 34 రెండో పక్షానికి ఇచ్చాం. ఇంత బేరమాడే శక్తి ఉన్న ఓటర్లం అడిగింది చాలా తక్కువ. వాగ్దానాలకు డబ్బు ఎక్కడి నుంచి తెస్తారో మేనిఫెస్టోలో స్థూలంగానైనా చెప్పాలని, సుప్రీంకోర్టు 2013 తీర్పు తరువాత ఎన్నికల సంఘం మార్గదర్శకాల్లో చేర్చింది. ఆరోగ్య బీమా విషయంలో ఏ పార్టీ అయినా ఆ పని చేసిన మేనిఫెస్టో నా కంటపడలేదు.

పంచాయతీ, మండల ఎన్నికలకు ఆరోగ్య బీమాతో ఏమి సంబంధమని కొందరు అడగవచ్చు. బీమా విధానం సర్పంచి చేతిలో లేదు, నిజమే. కానీ అభ్యర్థి తరఫున ప్రచారానికి వచ్చే శాసనసభ్యులు, మంత్రులు ఆ 25 లక్షల అంకెను ఇంటింటికీ మోసుకు వస్తున్నప్పుడు, మనం ఇంకో రెండు అంకెలు అడగడం అమర్యాద కాదు. మా నియోజకవర్గంలోని నెట్‌వర్క్ ఆసుపత్రులకు ఈ రోజుకు ఎంత బాకీ ఉంది? ఈ నెలలో పథకం కింద చేర్చుకోకుండా ఎంతమందిని తిప్పి పంపారు? మొదటిది ట్రస్టు దగ్గర ఉంటుంది. రెండోది ఇప్పుడు ఎవరి దగ్గరా లేదు, ఎందుకంటే తిప్పి పంపిన రోగి పేరు రాసుకునే రిజిస్టరు ఏ ఆసుపత్రిలోనూ ఉండదు. ఆరోగ్యమిత్ర దగ్గర అలాంటి రిజిస్టరు ఒకటి తప్పనిసరి చేయడానికి పెద్ద చట్టం అక్కరలేదు, ఒక ఉత్తర్వు చాలు.

మీ పత్రికకు నాది ఒక విన్నపం. జిల్లా పేజీలో కొబ్బరికాయల ధర, రొయ్యల కౌంటు ధర ప్రతిరోజూ వేస్తున్నారు. ట్రస్టు నుంచి గానీ, సమాచార హక్కు దరఖాస్తు ద్వారా గానీ సేకరించి, మన అయిదు జిల్లాల్లో ఆసుపత్రుల బకాయి ఎంతో, ఎన్ని రోజుల పాతదో నెలకు ఒకసారి అదే పేజీలో ప్రచురించండి. ఎన్నికలు అయిపోయిన తరువాతి నెలల్లో కూడా ఆపవద్దు. దరఖాస్తు రాయడానికి, రుసుము కట్టడానికి మనిషి కావాలంటే నేను సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
ఒక మందుల దుకాణదారు,
రాజోలు ప్రాంతం, కోనసీమ జిల్లా